గంజుప్పు

ఒక చుక్క నాలుక మీద వేసుకుని
బర్రి అప్పలకొండ "ఇరవై" అంటాడు.
ఉప్పు కొలిచే గొట్టాన్ని ఎండకెత్తి, ఒక కన్ను మూసి
నేను చూస్తాను: పంతొమ్మిదిన్నర.
ఆ అర ఎవరిదో ఇంతవరకూ తేలలేదు.

మొదట్లో అతని దగ్గర అంకెలు లేవు.
వంతెన కింద సప్పనీరు,
రొయ్యల చెరువుల తూము దగ్గర సవుడు,
సరుగుడు తోపుకి ఎదురుగా గంజుప్పు,
అలలు విరిగే ఇసకమేట దగ్గర కటికుప్పు.
నా నాలుగు మజిలీలకీ అవే పేర్లు రాసుకుంటే
గైడు గారు ఎర్రసిరాతో కొట్టేసి
ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేశారు.

కోనాడ దగ్గర చంపావతి
సముద్రంలో కలుస్తుందని బడిలో చదివాను.
కలవడం అంత తేలిక కాదు.
పైన తేటనీరు సముద్రానికి పోతుంటే
బరువైన ఉప్పునీరు అడుగున పాకుతూ
ఏట్లోకి ఎక్కివస్తుంది.
తాడుకి కట్టిన సీసా రెండు బారలు దిగితే చాలు,
వేరే ఊరి నీళ్లు.

"ఏటి వలమ్మా ఇది, దోమ కూడా దూరదు."
పది నిమిషాలు ఈడిస్తే చిక్కేది
బియ్యం కడిగినంత మసక.
రాత్రి ఆ మసకని వెయ్యి గళ్ల గాజుపలక మీద పోసి
గడి గడికీ లెక్కపెడతాను.
కటికుప్పులో గొలుసులు, గొలుసుకి వెంట్రుకల్లాంటి ముళ్లు.
సప్పనీట్లో ఆకుపచ్చ బంతి, దాని కడుపులో పిల్ల బంతులు.
సవుడులో రెండు వైపుల నుంచీ తప్పిపోయి వచ్చినవి.
గంజుప్పులో మాత్రం
ఒంటికన్ను కోపిపాడ్లు, కిక్కిరిసి,
ఒడ్డున చేపల వేలంపాట దగ్గర జనంలా.

మే నెలలో ఏరు సన్నబడి
కటికుప్పు వంతెన దాకా నడిచింది.
బోరింగు నీళ్లతో పెట్టిన టీ విరిగిపోయేది.
గొలుసులు ఉప్పు వెంటే వచ్చాయి.
ఆకుపచ్చ బంతులు ఎటు జరిగాయో
నా తాడు అంతదూరం పోలేదు.

కోపిపాడ్లు ఏటికి ఎదురీదలేవు.
పాటు లాగేటప్పుడు అడుగుకి దిగిపోతాయి,
పోటు వచ్చేటప్పుడు పైకి లేస్తాయి.
అంతే. అలా
పోకుండా ఉంటాయి.
ఇది చెప్పినప్పుడు అప్పలకొండ తెడ్డు ఆపి విన్నాడు.
పద్నాలుగేళ్లు వెరావల్ బోట్ల మీద చేసి వచ్చిన మనిషి.
"అంత సిన్నదానికి ఎవులు నేర్పినారు?" అన్నాడు.

కార్తీకంలో ముసురు, నాలుగు రోజులు.
ఏరు ఎర్రగా, అరటిబోదెలతో,
ఎవరిదో పశువుల పాక కప్పుతో
ఇసకమేటని కోసుకుంటూ దూకింది.
ఐదో రోజు కటికుప్పు దగ్గర గొట్టం చూపించింది: రెండు.
రాత్రి వెయ్యి గళ్లలోనూ
వట్టి ఒండ్రు, కొన్ని ఖాళీ డొల్లలు.

"సచ్చిపోనాయేటి?"
రోజూ వాటిని ఫార్మలిన్‌లో ముంచేదాన్ని,
ఆ ప్రశ్నకి నాకు సిగ్గేసింది.
కొన్ని కొట్టుకుపోయాయి, కొన్ని చచ్చాయి,
కొన్నిటి గుడ్లు అడుగు బురదలో ఉంటాయి,
ఉప్పు తిరిగొచ్చేదాకా కళ్లు తెరవవు, అన్నాను.
"ఎన్నాళ్లు?"
పుస్తకాల్లో ఉన్నది వేరే ఏర్ల సంగతి.
తెలీదన్నాను.

ఆ తర్వాత రోజూ పోటువేళకి
చుక్క నాలుక మీద వేసుకునేవాడు,
ఉమ్మేవాడు. అంకె చెప్పేవాడు కాదు.

ఇరవై రెండో రోజు ఉమ్మలేదు.
మింగి, సరుగుడు తోపు వైపు చూసి
"గంజుప్పు" అన్నాడు.
గొట్టం సంచిలోనే ఉంది.
నేను వంగి, దోసిలి ముంచి,
ఎనిమిది నెలల్లో మొదటిసారి రుచి చూశాను.
బురద, కొంచెం ఇనుము, చివర్న
జ్వరం దిగాక తాగే గంజిలోని ఉప్పు.
అంకె తర్వాత వేసుకోవచ్చని
ముందు వల దించాను.